ఎడమవైపు మెట్లు

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో ఎవరిని పలకరించినా "ప్రిపేర్ అవుతున్న అన్నా" అనేవాళ్ళు. దేనికి అని అడగడం మర్యాద కాదు. గ్రూప్ వన్‌కో, టూకో, అవి రాకపోతే ఇంకో చిన్న ఉద్యోగానికో, అదీ పడకపోతే రాబోయే నోటిఫికేషన్‌కో. నేను కూడా అట్లా నాలుగేళ్ళు ప్రిపేర్ అయినవాణ్ణే. జనగామ దగ్గరి మా ఊరి నుంచి ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి, మా అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కు సీసా పట్టుకుని దిగాను. ఒకే గదిలో నలుగురం, ఒకే ఫ్యాను, గోడల నిండా రాజ్యాంగం. తల దగ్గర ప్రాథమిక హక్కులు, కాళ్ళ దగ్గర ఆదేశిక సూత్రాలు అంటించుకుని పడుకునేవాళ్ళం. (కాళ్ళ దగ్గరివి నాకు ఒక్కనాడూ గుర్తుండలేదు.) ఇప్పటికీ ఆ సందుల్లోంచి వెళ్తూ, వీపున బ్యాగు, చేతిలో బిట్ బ్యాంకుతో చాయ్ బండి దగ్గర నిలబడి పెదవులు కదుపుతూ చదువుకునే పిల్లల్ని చూస్తే నాకు నవ్వు రాదు. కానీ వాళ్ళ పక్కన అప్పటి నన్ను నిలబెట్టి చూసుకుంటే మాత్రం నవ్వు ఆపుకోలేను. ఎందుకో చెప్పాలంటే ఒక పియానో గురించి చెప్పాలి.

ముందు మా కోచింగ్ సారు చెప్పిన మాట చెప్పాలి. ఆయన మొదటి రోజే బోర్డు మీద ఒక పెద్ద గుండ్రటి సున్నా గీసి, "నెగెటివ్ మార్కులు లేవు. తెలిసినా తెల్వకున్నా బబుల్ నింపు. ఖాళీ పెట్టినోనికి సున్నా గ్యారంటీ, నింపినోనికి ఆశ గ్యారంటీ" అన్నాడు. మిగతా ఆరు నెలల్లో ఆయన చెప్పింది ఏదీ నాకు ఎక్కలేదు గానీ ఈ ఒక్క ముక్క మాత్రం ఎముకల్లోకి దిగింది. పరీక్ష హాల్లోనే కాదు, బయట కూడా ఏదీ ఖాళీగా వదిలేవాణ్ణి కాదు. బ్యాంకు ఫారంలో 'ఇతర వివరములు' అన్నచోట కూడా ఏదో ఒకటి రాసేవాణ్ణి. దారి అడిగినవాళ్ళకు తెలియదని చెప్పడం నా ఒంటికి పడేది కాదు. ఒకసారి బర్కత్‌పుర ఎటు అని అడిగిన ఒక పెద్దమనిషిని ఎంతో ధీమాగా బషీర్‌బాగ్ పంపించాను. ఆయన నాకు థాంక్స్ కూడా చెప్పి వెళ్ళాడు, పాపం.

రెండుసార్లు పరీక్ష రాశాను, రెండుసార్లూ పోయింది. మూడోసారి రాద్దామంటే పరీక్షే వాయిదా పడింది. ఎప్పుడుంటుందో తెలియదు. అప్పుడు మా అమ్మ ఫోన్ చేసి, "ఖాళీగ కూసుంటె మనసు ఖరాబైతది బిడ్డా. నారాయణగూడల మీ పేటీ మామ ఉన్నడు కదా, పొద్దుగాల చదువుకో, పగటీలి ఆయన దగ్గరికి పో" అంది. పేటీ మామ మా అమ్మకు దూరపు వరసలో అన్న. హార్మోనియాన్ని మా వైపు పేటీ అంటారు. నారాయణగూడలో, చిక్కడపల్లి వైపు తిరిగే ఒక సందులో, మెట్ల కింద ఉన్న గదిలో ఆయన హార్మోనియాలు బాగుచేసేవాడు. భజన బృందాలవీ, హరికథలు చెప్పేవాళ్ళవీ, ఎప్పుడైనా అరుదుగా ఒక పియానో. సన్నటి మనిషి, మాట ఇంకా సన్నం. రోజుకు పది వాక్యాలు మాట్లాడితే అందులో ఆరు "ఆ సుత్తి ఇటియ్యి", "ఆ సుత్తి కాదు" అనేవే.

నన్ను చూడగానే ఆయనకు నా మీద గొప్ప ఆశేమీ పుట్టలేదు. కానీ రెండు నెలల్లో నా చేతికి పని పట్టుబడిందని ఆయనే ఒప్పుకున్నాడు. ("ఆఫీసరు గాకపోయినా అన్నమైతే తింటవ్" అన్నాడు. అంతకు మించిన సర్టిఫికెట్ నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.) హార్మోనియం అయినా పియానో అయినా వేళ్ళతో నొక్కే తెల్ల, నల్ల పట్టీలను మేం మెట్లు అంటాం. పియానో మెట్టు కింద ముందువైపు ఒక చిన్న ఇనుప పిన్ను ఉంటుంది. దానికి ఉంగరం తొడిగినట్టు ఉన్నితో చేసిన గుండ్రటి బిళ్ళ ఒకటి వేస్తారు, దాని కింద సన్నటి కాగితపు బిళ్ళలు. మెట్టును నొక్కినప్పుడు అది దిగివచ్చి ఆ ఉన్ని మీద ఆగుతుంది. ఏళ్ళ తరబడి నొక్కగా నొక్కగా ఉన్ని అణిగిపోతుంది, మెట్టు మరీ లోతుకు దిగుతుంది, వేలికి పట్టు దొరకదు, ముసలి చేతులైతే నొప్పి పెడతాయి. అప్పుడు కొత్త బిళ్ళ వేసి, కింద కాగితాలు చేరుస్తూ తీస్తూ, అన్ని మెట్లూ ఒకే లోతుకు దిగేట్టు చూడాలి. ఎంత లోతో చూడటానికి మామ దగ్గర అరిగిపోయిన ఒక కొలత చెక్క ఉండేది. కాగితం మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా వేలు పసిగడుతుందని ఆయన అనేవాడు. మొదట్లో నేను నమ్మలేదు.

అయితే ఆ కాగితపు బిళ్ళలు కొందామంటే ఇక్కడ దొరికేవి కావు. మామ పెళ్ళిపత్రికలు, పాత కేలండర్లు కోసి చేసుకునేవాడు. ఆ విషయంలో నేను ఆయనకు పెద్ద వరమయ్యాను. మా గదిలో కాగితానికేం కరువు? బిట్ బ్యాంకు కాగితం అన్నిటికన్నా పలుచన, జిరాక్స్ నోట్సు ఒక మోస్తరు, బబుళ్ళు నింపే ప్రాక్టీసు కోసం కొనుక్కున్న ఓఎంఆర్ షీటు మందం. తోలుకు బొక్కలు కొట్టే పంచుతో కొట్టి, కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, మూడు రకాలూ మూడు అగ్గిపెట్టెల్లో పోశాను. మామ వాటిని వేళ్ళ మధ్య నలిపి చూసి, "నీ చదువు గిట్లనన్న పనికొచ్చింది" అన్నాడు. నేను మెచ్చుకోలు అనుకున్నాను.

అప్పుడే ఒక పియానో టీచరమ్మ మామకు కబురు చేసింది. నారాయణగూడలోనే, బర్కత్‌పుర వైపు పోయే గల్లీలో, ముందు గదంతా పియానోయే ఆక్రమించిన చిన్న పాత ఇల్లు ఆమెది. ఆమె, ఆమె అక్క ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఒక ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళకు పైగా సంగీతం చెప్పారు. బడివాళ్ళు కరెంటుతో నడిచే కీబోర్డు కొని పియానోను మూలకు తోసేస్తే, ఇద్దరూ పదవీ విరమణ రోజున దాన్నే అడిగి పుచ్చుకుని, ఆరుగురు మనుషులతో తోపుడుబండి మీద ఇంటికి తెచ్చుకున్నారట. పొద్దున ప్రార్థనకు పిల్లలు వరసల్లోకి నడిచి వచ్చేటప్పుడు వాయించడానికి పెద్ద టీచరమ్మే ఒక నడక పాట కట్టింది. ఒకే పియానో, ఒకే బల్ల, నాలుగు చేతులు. ఎడమవైపు అక్క, బండ స్వరాల దగ్గర, తాళం ఆమెది. కుడివైపు చెల్లెలు, సన్న స్వరాల దగ్గర, పాట ఈమెది. ఇంటికి వచ్చాక కూడా రోజూ సాయంత్రం ఐదింటికి బడి గంట కొట్టినట్టు ఆ పాట వాయించేవాళ్ళు. నేను వెళ్ళేసరికి పెద్ద టీచరమ్మ పోయి పదకొండు నెలలు దాటింది. సంవత్సరీకం నాడు సాయంత్రం ఆ పాట వాయించాలని చిన్న టీచరమ్మ కోరిక. వేళ్ళు బిగుసుకుపోతున్నాయి, కుడివైపు మెట్లు లోతుగా దిగి కీళ్ళు లాగుతున్నాయి, జర తేలిక చేయమని మామను అడిగింది.

పియానో విప్పి ఉంటే తాను చూడలేనంది. "పేగులు బయటేసినట్టు ఉంటది" అని, పొద్దున్నే మాకు తాళంచెవి ఇచ్చి, హైదర్‌గూడలో ఉన్న తన చుట్టపామె ఇంటికి పోయి సాయంత్రం వచ్చేది. మామ, నేను రెండు రోజులు కుడివైపు పని చేశాం. మూడో రోజు మామకు ఊళ్ళో చుట్టాల ఇంట్లో పెళ్ళి పడింది. పోతూ పోతూ ఆ రోజుకున్న పది వాక్యాల్లో మూడు నాకు ఖర్చు పెట్టాడు. "అల్లుడా, కుడి దిక్కు నాలుగు మెట్లు మిగిలినయ్, అవి చెయ్యి. ఎడమ దిక్కు ముట్టకు. సగం కాడికే ఆపు." ఎందుకో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేకపోయేది.

నాలుగు మెట్లు గంటలో అయిపోయాయి. ఇల్లంతా నిశ్శబ్దం. నేను, పియానో, కొలత చెక్క. ఊరికే చూద్దామని ఎడమవైపు ఒక మెట్టు నొక్కి చెక్క ఆనించాను. అబ్బో! కుడివైపు దానికన్నా ఎంతో లోతు. పక్కది ఇంకా లోతు. దాని పక్కది మామూలుగానే ఉంది. మరోటి బావిలోకి దిగినట్టు దిగింది. ఒకదానికొకటి పొంతన లేదు. కుడివైపు అంత ముద్దుగా, సమంగా, కొత్తగా ఉంటే, ఎడమవైపు నలభై చిల్లర మెట్లు ఇట్లా ఎగుడుదిగుడుగా నా ముఖంలోకే చూస్తున్నాయి. నా కళ్ళకు అవి మెట్లలా కనబడలేదు. ఖాళీ బబుళ్ళలా కనబడ్డాయి. సగం పేపరు రాసి లేచి పోయేవాడు ఎవడైనా ఉంటాడా? మామకు వయసైంది, ఓపిక లేక సగం చాలన్నాడు, నేను మొత్తం చేసి పెడితే ఆశ్చర్యపోతాడు అనుకున్నాను. (అందులో చివరి ముక్క నిజమే అయింది.) ఆ రోజు అన్నానికి కూడా లేవలేదు. మెట్టు తర్వాత మెట్టు లేపి, అణిగి పలకబారిన పాత ఉన్ని బిళ్ళలు తీసి, కొత్తవి వేసి, కింద నా నోట్సు చేర్చి, చెక్కతో కొలిచి, ఒక్కటి వదలకుండా అన్నిటినీ ఒకే లోతుకు తెచ్చాను. తీసిన పాత బిళ్ళలను ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టాను. ఎంత కుళ్ళినవాటిని మార్చానో మామకు చూపించాలి కదా.

ఐదు కావస్తుండగా టీచరమ్మ వచ్చింది. గొడుగు మూల పెట్టి, కాళ్ళు కడుక్కుని, అక్క ఫొటో దగ్గర దీపం పెట్టి, బల్ల మీద కుడివైపు కూర్చుంది. ఆ బల్ల ఇద్దరికి సరిపోయేంత పొడుగు. ఆమె ఎప్పుడూ కుడి అంచునే కూర్చునేది, పక్కన మనిషి ఉన్నట్టే. పాట ఎత్తుకుని నాలుగు వరసలు వాయించి, "బంగారమే బిడ్డా. చెయ్యి అలుస్తలే" అంది. నేను గోడకానుకుని, మిగతాది కూడా చూస్తే ఇంకెంత సంతోషిస్తుందో అని ఎదురుచూస్తున్నాను. ఆమె పాట ఆపి, కొంచెం ఎడమకు జరిగి, చెయ్యి అక్క వైపు చాచి ఒక మెట్టు నొక్కింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకోటి నొక్కింది. మళ్ళీ తీసుకుంది. చీర కొంగుతో ఆ మెట్టును తుడిచి, తుడిస్తే ఏదో మారుతుందన్నట్టు, మూడోసారి నొక్కింది.

"ఇవి గూడ చేసినవా?" అంది.

"అన్నీ చేసిన మేడమ్. ఒక్కటి గూడ ఇడ్వలే" అన్నాను, సంతోషంగా.

 ఆమె అరవకుండా, నాకు లెక్క అప్పజెప్తున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "అక్క పోయినంక రోజూ పాట అయినంక ఈడ చెయ్యి పెడుతుంటి. అక్క వేలు ఎంత లోతుకు పోయిందో నా వేలు గూడ అంత లోతుకు పోతుండె. నొక్కితే అక్క కింద ఉన్నట్టే అనిపిస్తుండె బిడ్డా. ఇప్పుడు మధ్యలనే ఆగుతున్నది."

 ఆమె లేచి లోపలికి పోయి, గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, "పొద్దుగాల్నుంచి తిన్నవా? చాయ్ పెడుతా ఉండు" అంది. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగేళ్ళలో నాకు రాని ఏడుపు, రెండు ఫలితాలకు రాని ఏడుపు, ఆ చాయ్ మాటకు వచ్చింది. ఆమె వంటింట్లో గిన్నె చప్పుడు చేస్తుంటే నేను పియానో వైపు తిరిగి మొహం తుడుచుకున్నాను.

బయటికొచ్చి మామకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. అవతల పెళ్ళి బాజా వినిపిస్తోంది. 

"పాత బిళ్ళలేం చేసినవ్?" అన్నాడు మామ.

"కవర్ల కట్టి పెట్టిన మామా."

"పారెయ్యలే కదా?"

"లే. నీకు చూపిద్దామని..."

"నీ గొప్ప చూపించుకునే రోగమే ఇయ్యాల ఆమెను బతికిచ్చింది" అన్నాడు. మళ్ళీ, "నువ్వు ఆఫీసరువైతే మాత్రం రాష్ట్రం ఆగమైతది రా" అని పెట్టేశాడు.

మరునాడు మామ వచ్చి కవరు విప్పి వార్తాపత్రిక మీద కుమ్మరించాడు. నలభై చిల్లర ఉన్ని బిళ్ళలు, అన్నీ బూడిదరంగు, అన్నీ ఒకే తీరు, ఏది ఏ మెట్టుదో బ్రహ్మకే తెలియాలి. సంవత్సరీకానికి ఇంకా నాలుగు రోజులుంది. అప్పుడు టీచరమ్మ ఒక మాట అంది. "మీకు తెల్వకపోతే నాకు తెలుసు కదా. ఒక్కొక్కటి పెట్టుండ్రి, నేను చెప్త." పియానో విప్పి ఉంటే చూడలేని మనిషి, దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చుంది. మూడు పగళ్ళు అదే పని. నేను మెట్టు లేపి ఒక బిళ్ళ వేసేవాణ్ణి, ఆమె కళ్ళు మూసుకుని నొక్కేది. "ఊహూ, ఇంకా కిందికి." ఇంకోటి వేసేవాణ్ణి. "ఇది మరీ లోతు. ఈ మెట్టు అక్క గట్టిగ కొట్టకపోతుండె, దాని సప్పుడు నచ్చకపోతుండె." మామ ఇంకో బిళ్ళ ఏరి ఇచ్చేవాడు. "ఆ... ఇది. ఇదే. హెడ్ మిస్ట్రెస్ లోపలికొచ్చినప్పుడు దీన్ని కొడుతుండె. ఆమె నడక లెక్కనే ఉంటదని." ఇంకో మెట్టు ఆలస్యంగా వచ్చిన పిల్లల కోసం. గేటు దగ్గర ఏ పిల్ల కనబడినా పెద్ద టీచరమ్మ దాన్ని రెండింతలు గట్టిగా కొట్టేదట, పిల్ల ఉరికి రావాలని. ఒక నల్ల మెట్టు లోతే లేదు, ఎందుకంటే ఆమె చిటికెన వేలు చిన్నప్పుడు తలుపులో పడి సరిగా వంగేది కాదు. పెద్ద టీచరమ్మను నేను ఏనాడూ చూడలేదు. కానీ మూడో రోజు సాయంత్రానికి ఆమె ఎట్లా కోప్పడేదో, దేనికి నవ్వేదో, ఎవరిని ఏడిపించేదో అన్నీ నాకు తెలిసిపోయాయి. మామ చెప్పిన వెంట్రుకవాసి మాట కూడా అప్పుడే నమ్మాను. బిట్ బ్యాంకు కాగితం తీసి జిరాక్స్ కాగితం వేస్తే టీచరమ్మ కళ్ళు మూసుకునే "ఏదో మార్చినవ్" అనేది.

మధ్యలో ఒకసారి నేను తీసి పక్కన పెట్టిన కాగితపు బిళ్ళను ఆమె భూతద్దం పెట్టి చూసి, "గవర్నరును నియమించునది... అని ఉన్నది. ఎవరు నియమిస్తరు?" అని అడిగింది.

"రాష్ట్రపతి, మేడమ్."

ఇంకోటి తీసి, "హైకోర్టు జడ్జి ఎన్నేళ్ళకు దిగిపోతడు?"

"అరవై రెండు."

"వస్తున్నయ్ కదా! మరి ఎందుకు ఫెయిల్ అయితున్నవ్?" అంది నిజంగానే ఆశ్చర్యపోతూ.  మామ తలొంచుకుని కవర్లో ఏదో వెతికాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ పాట మొదలయ్యే మెట్టు. పిల్లలు మొదటి అడుగు వేయాలంటే పెద్ద టీచరమ్మ ముందుగా దాన్నే కొట్టాలి. ముప్ఫై ఏళ్ళు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నది అదే. దాని కింది ఉన్ని ఎంతగా చితికిపోయిందంటే, నేను తీసేటప్పుడే వేళ్ళ మధ్య పొడైపోయింది. మిగతా మెట్లవి ఏవి తీసి వేసి చూసినా అంత లోతుకు దిగలేదు. ఏదీ వేయకపోతే చెక్క చెక్కకు తగిలి టక్‌మని మోగింది. నేను పాత దుప్పటి ముక్క పెట్టాను, నా బనీను అంచు కత్తిరించి పెట్టాను, ఉన్నిని సుత్తితో కొట్టి అణగదీసి పెట్టాను. ప్రతిసారీ టీచరమ్మ నొక్కి, తల అడ్డంగా ఊపింది. చివరికి, "ఇంకొక్కటి ఉంది మేడమ్, ఇట్ల చేద్దాం..." అంటుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఇడ్సిపెట్టు బిడ్డా. అన్ని దొరికినయ్. ఒక్కటి ఇడ్సిపెట్టు."

నా జీవితంలో నాకు అంత కష్టమైన మాట ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. వదిలేశాను. అంటే, నేను ముందు వేసిన కొత్త బిళ్ళే, నా ఓఎంఆర్ షీటు ముక్కతో సహా, దాని కింద ఉండిపోయింది.

సంవత్సరీకం నాడు పొద్దున కార్యం అయింది. సాయంత్రానికి పాత విద్యార్థినులు ఓ పదిమంది వచ్చారు, వాళ్ళూ తల నెరిసినవాళ్ళే. మామ, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఐదైంది. టీచరమ్మ బల్ల కుడి అంచున కూర్చుని, చేతులు ఎత్తి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. "ఇటు రా" అంది. పక్కన ఉన్న ఖాళీ మీద చేత్తో తట్టింది. నాకు అర్థం కాలేదు. మామ నా వీపు మీద ఒక్క తోపు తోశాడు. పెద్ద టీచరమ్మ కూర్చునే చోట నేను కూర్చున్నాను. బల్ల అక్కడ కొంచెం గుంటపడి ఉంది. "ఆ మొదటిది నేను ముట్టలేను. అది అక్కది గాదు, నీది. నేను తల ఊపినప్పుడు నువ్వే కొట్టాలె. మిగతావి నేను చూసుకుంట" అంది.

నేను చెమటలు కక్కుతూ ఆమె తల వైపే చూస్తున్నాను. ఆమె గడ్డం పైకి లేచింది. దించేదాకా ఆగాలని నాకేం తెలుసు, లేవగానే బలంగా కొట్టేశాను. గది అదిరింది. వెనక ఎవరో ఉలిక్కిపడ్డారు. చచ్చాన్రా బాబూ అనుకుని కళ్ళు మూసుకున్నాను. కానీ పాట ఆగలేదు. అది నా దెబ్బను అందుకుని నడిచిపోయింది. కుడిచేత్తో తన పాట, ఎడమచేత్తో అక్క తాళం, ఆమె ఒక్కతే రెండూ వాయించింది. ఆ ఎడమచెయ్యి ఒక్కో మెట్టు మీద ఒక్కో లోతుకు దిగుతుంటే నేను పక్కనుంచి చూశాను. వెనక నిలబడ్డ ఆ తల నెరిసిన ఆడవాళ్ళలో ఒకామె తనకు తెలియకుండానే అడుగు వేయడం మొదలుపెట్టింది. పాట అయిపోయాక టీచరమ్మ కళ్ళు తుడుచుకుని నా చెవి దగ్గరికి వంగింది. "మా అక్క గూడ గంతే. ఎప్పుడు జూసినా అరడుగు ముందే కొడుతుండె. నేను ఉరికి అందుకునేదాన్ని" అంది.

వాయిదాపడ్డ పరీక్ష ఆ తర్వాత ఎనిమిది నెలలకు జరిగింది. ఒక ప్రశ్న నాకు బొత్తిగా తెలియలేదు. నాలుగు బబుళ్ళూ నా వైపే చూశాయి. నేను పెన్ను పక్కన పెట్టి, జీవితంలో మొదటిసారి ఖాళీగా వదిలేసి, ఎంతో ఎదిగినవాడిలా లేచి వచ్చాను. ఉద్యోగం ఎంతలో పోయిందని మాత్రం అడగకండి. (ఆ ఒక్క మార్కుతోనే పోయింది.) మా కోచింగ్ సారు ఆ సంగతి విని నాతో మాట్లాడటం మానేశాడు. మా అమ్మకు మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు మెట్ల కింది ఆ గది నాది. మామ లేడు, కొలత చెక్క ఉంది. ఏటా వానలకు ముందు టీచరమ్మ ఇంటికి వెళ్ళి మెట్లన్నీ చూసి వస్తాను. కుడివైపు కాగితాలు మారుస్తాను, ఎడమవైపు దుమ్ము మాత్రమే దులుపుతాను. ఆమెకు ఎనభై దాటింది. వినికిడి తగ్గింది, కానీ వేళ్ళకు అన్నీ తెలుసు. నేను వెళ్ళిన రోజున ఐదింటిదాకా కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, బల్ల మీద పక్కన తడుతుంది. నేను కూర్చుంటాను. ఆమె గడ్డం పైకి లేస్తుంది. నేను అరడుగు ముందే కొడతాను. మొదటిసారి తెలియక కొట్టాను. ఇప్పుడు కావాలనే కొడతాను, ఆమె ఉరికి అందుకోవాలని.